ట్యాబ్‌లో బైబిలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు సరిహద్దు అవతల ఒడిశావే: గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల తెలుగు సంఘాల నుంచి వచ్చాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే జవాబు ఇస్తున్నాం.

పర్లాకిమిడిలో ఉన్నంతసేపూ యాప్ బాగానే పనిచేస్తుంది. ఆదివారం మోహన వైపు కొండ మీది ఊరికి వెళ్తే అధ్యాయం తెరుచుకోదు, గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ట్యాబ్ పాడైందా?
– ఒక పాస్టరు, గజపతి జిల్లా

ట్యాబ్‌లో దోషం లేదండీ. మీరు చదువుతున్న పాఠం ట్యాబ్‌లో లేదు, అంతే. యూవెర్షన్ లాంటి యాప్‌లు మామూలుగా ఒక్కో అధ్యాయాన్నీ నెట్ నుంచి తెచ్చి చూపిస్తాయి. నిన్న చదివిన అధ్యాయం కొండ మీద కూడా తెరుచుకుని, పక్క అధ్యాయం తెరుచుకోకపోతే కారణం అదే. మొదటిది తాత్కాలికంగా దాచిపెట్టుకుంది, రెండోది దాని దగ్గర లేదు.

ఊళ్లో వైఫై ఉన్నప్పుడే అనువాదాన్ని దింపుకోవాలి. యూవెర్షన్‌లో బైబిలు పేజీ పైన అనువాదం పేరు సంక్షిప్తంగా ఉంటుంది, దాన్ని తాకండి. వచ్చిన పట్టికలో భాష తెలుగు ఎంచుకుంటే అనువాదాలు కనిపిస్తాయి. కిందికి చూపే బాణం గుర్తు ఉన్నవాటినే దింపుకోగలం. కొన్నింటికి ఆ బాణం ఉండదు, అది యాప్ లోపం కాదు. పాఠం హక్కులు ఉన్న సంస్థ ఆఫ్‌లైన్‌కు ఒప్పుకుంటేనే యాప్ ఆ వీలు ఇవ్వగలదు. తెలుగులో రెండు అనువాదాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత అనువాదం, మన మందిరాల్లో చదివేది. దాని హక్కులు సొసైటీవి. రెండోది 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, వాడుక భాషలో ఉంటుంది. దాన్ని ఎవరైనా వాడుకుని పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు మీద విడుదల చేశారు కాబట్టి ఎక్కువ యాప్‌లలో ఆఫ్‌లైన్‌కు దొరుకుతుంది.

దింపాక తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఫ్లయిట్ మోడ్ వేసి, యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఇంతవరకు ఎప్పుడూ చదవని అధ్యాయం ఒకటి తీయండి, నహూము రెండో అధ్యాయమో, రెండో దినవృత్తాంతములు ఇరవయ్యోదో. వస్తే సరే. యోహాను మూడో అధ్యాయంతో మాత్రం పరీక్షించకండి, అది ఎప్పుడో చదివి ఉంటారు కాబట్టి ఎలాగూ వస్తుంది.

స్థలం గురించి భయం వద్దు. తెలుగు అక్షర గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి, ఇంగ్లీషుకు ఒకటి. అయినా మొత్తం బైబిలు పాఠం మామూలుగా పది పదిహేను ఎంబీ దాటదు. బరువల్లా ఆడియోదే. 64 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు సుమారు 29 ఎంబీ అవుతుంది. బైబిలంతా చదివి వినిపించడానికి 70 గంటలు దాటుతుంది కాబట్టి మొత్తం దింపితే 2 జీబీ పైమాటే. ఆ వారానికి కావలసిన పుస్తకాలు మాత్రం దింపుకోండి.

మా సంఘంలో ప్రసంగం తెలుగు, వాక్యపఠనం ఒకసారి తెలుగు ఒకసారి ఒడియా. రెండూ పక్కపక్కన కనబడేలా పెట్టుకోవచ్చా? ఒడియా తీస్తే మా పాత ట్యాబ్‌లో అన్నీ గళ్లే వస్తున్నాయి.
– గుణుపూర్

ఈ పనికి ఆండ్రాయిడ్‌లో మేము ముందు చెప్పేది ఆండ్‌బైబిల్. ఉచితం, ప్రకటనలు ఉండవు, దింపుకున్నాక నెట్ అడగదు. ఐప్యాడ్ ఉన్నవాళ్లకు ఈ జవాబు పనికిరాదు, వాళ్లు కింద చెప్పిన రెండో పద్ధతి చూడండి.

మెనూలో డాక్యుమెంట్లు దింపుకునే పేజీకి వెళ్లి, భాష తెలుగు పెట్టి ఒకటి, ఒడియా పెట్టి ఒకటి దింపండి. తర్వాత తెర అడుగున ఉన్న ప్లస్ గుర్తు తాకితే రెండో కిటికీ తెరుచుకుంటుంది. దానిలో ఒడియా బైబిలు ఎంచుకోండి. ట్యాబ్‌ను అడ్డంగా పట్టుకుంటే రెండూ పక్కపక్కన, నిలువుగా పట్టుకుంటే పైనా కిందా వస్తాయి. రెండు కిటికీలూ జతపడి ఉంటే తెలుగులో 12వ వచనానికి జరిపితే ఒడియా కూడా 12కు వస్తుంది. అలా జరగకపోతే కిటికీ బటన్‌ను నొక్కి పట్టుకుని, వచ్చే మెనూలో జత అమరికను చూడండి. చాలాసార్లు వేలు తగిలి అది ఆగిపోయి ఉంటుంది.

రెండో పద్ధతి రెండు యాప్‌లను తెర సగం సగం పంచి పెట్టడం. ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఐప్యాడ్‌లో 2015లో వచ్చింది గానీ పాత మోడళ్లకు లేదు. ఈ పద్ధతిలో వచనాలు కలిసి జరగవు, ఒక్కోదాన్నీ మీరే జరుపుకోవాలి. నిలబడి ప్రసంగం చేసేవారికి ఇది చికాకు.

గళ్లు రావడానికి కారణం ట్యాబ్ వ్యవస్థలో ఒడియా ఫాంటు లేకపోవడం. పాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు చాలావాటిలో తెలుగు ఉండి ఒడియా ఉండదు. ముందు వ్యవస్థ అప్‌డేట్ ఏమైనా మిగిలి ఉందేమో చూడండి. లేకపోతే తన ఫాంటును తనతోనే తెచ్చుకునే యాప్‌ను వాడాలి. గళ్లు కాకుండా అక్షరాలు వచ్చి, ఒత్తులు విడిగా పక్కన పడుతుంటే మాత్రం ఫాంటు మార్చినా ప్రయోజనం లేదు. అక్షరాలను కూర్చే భాగమే పాతది, ట్యాబ్ మార్చాల్సిందే.

సవర, కువి భాషల్లో కావాలని ఇంకో ఇద్దరు రాశారు. పట్టికలో సవర అని వెతికితే దొరకదు, సోరా అనే పేరుతో చూడండి. పేర్ల స్పెల్లింగుతో ఇబ్బందైతే భాషా సంకేతాలతో వెతకండి: సోరాకు ఎస్-ఆర్-బి, కువికి కె-ఎక్స్-వి, ఒడియాకు ఓ-ఆర్-వై, తెలుగుకు టి-ఇ-ఎల్.

"విశ్వాసం" అని వెతికితే ఒక్క వచనం కూడా రాలేదు. బైబిలులో విశ్వాసం లేకపోవడమేమిటి?
– బరంపురం

పాత అనువాదంలో ఆ మాట సున్నాతో ఉండదు, "విశ్వాసము" అని ఉంటుంది. యాప్‌కు అర్థం తెలియదు, అక్షరాలు సరిపోల్చడమే దాని పని. పోనీ "విశ్వాసము" అని కొట్టినా అన్నీ రావు. హెబ్రీయులకు 11వ అధ్యాయం మొదటి మాటే చూడండి: "విశ్వాసమనునది". సంధి జరిగి "ము" కాస్తా "మ" అయింది. విశ్వాసాన్ని గురించి అందరూ మొదట తీసే వచనమే వెతుకులాటలో జారిపోతుందన్నమాట.

కాబట్టి మాట చివర వదిలేసి, మారని భాగం మాత్రమే కొట్టండి: "విశ్వాస". యాప్‌లో పూర్తి పదం, పదంలో భాగం అని రెండు ఎంపికలు ఉంటే రెండోది పెట్టండి. కొన్నింటిలో మాట చివర నక్షత్రం గుర్తు పెడితే దాదాపు అదే పని చేస్తుంది. అప్పుడు విశ్వాసులు, అవిశ్వాసము కూడా జాబితాలోకి వస్తాయి. వాటిని కళ్లతో ఏరుకోవాలి, వేరే దారి లేదు.

ఇంకొన్ని చోట్ల తప్పుతుంది. గొర్రె అనేది పాత పాఠంలో బండి ఱ తో "గొఱ్ఱె". మామూలు ర తో కొడితే కొన్ని ప్రతుల్లో దొరకదు. చాలా కీబోర్డుల్లో ర ను నొక్కి పట్టుకుంటే ఱ వస్తుంది. ఏసు అని కొట్టకండి, "యేసు" అని కొట్టండి. పొల్లుతో ఆగే పేర్లలో కంటికి కనబడని ఒక గుర్తు దాగి ఉంటుంది. మీరు టైపు చేసినదానిలో అది లేకపోతే రెండూ ఒకేలా కనిపిస్తున్నా యాప్‌కు వేర్వేరు మాటలే. అలాంటప్పుడు ఆ పేరును ఏదైనా వచనంలో నొక్కి పట్టుకుని కాపీ చేసి, వెతికే పెట్టెలో అతికించడం సులువు.

కొత్త అనువాదాన్ని దింపాక మొదటిసారి వెతికినప్పుడు కొన్ని యాప్‌లు పద సూచీ తయారుచేసుకుంటాయి. దానికి నిమిషాలు పట్టవచ్చు. మధ్యలో బయటికి వచ్చేస్తే సూచీ సగంలో ఆగి, ఫలితాలు కూడా సగమే వస్తాయి. ఆదికాండం నుంచి కొన్ని పుస్తకాల వరకే ఫలితాలు కనిపించి ఆగిపోతే అనుమానించాల్సింది దీన్నే. సూచీ తీసేసి మళ్లీ చేయించండి.

మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో చదివేది ఒడియా. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవలేరు. సండే స్కూల్లో వాళ్ల చేత వాక్యం చదివించడం ఎలా?
– సండే స్కూల్ టీచరు, రాయగడ

ఇలాంటి ఉత్తరాలే ఈసారి ఎక్కువ. తేలికైన దారి ఆడియో: పెద్ద అక్షరాలతో తెలుగు పాఠం తెరిచి, ఆడియో పెట్టి, వచనం వచనానికీ ఆపుతూ వెంట చదివించడం. ఆడియో లేని అనువాదమైతే ట్యాబ్ చేతే చదివించవచ్చు. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ భాగానికి వెళ్లి, గూగుల్ ఇంజన్ పక్కనున్న చక్రం గుర్తు తాకి, వాయిస్ డేటాలో తెలుగు దింపండి. ఉచ్చారణ యంత్రంలాగే ఉంటుంది గానీ వంశావళుల్లో మనకంటే తడబడదు.

వాళ్లే చదవాలంటే తెలుగు మాటలను ఒడియా లిపిలోకి మార్చి ఇవ్వాలి. అక్షరముఖ అనే ఉచిత లిపి మార్పిడి సాధనం ఈ పని చేస్తుంది. తెలుగు పాఠం అతికించి, రావలసిన లిపి ఒడియా అని ఎంచుకుంటే చాలు. యూనికోడ్‌లో ప్రధాన భారతీయ లిపులన్నిటి అక్షరాలూ ఒకే వరుసలో అమర్చి ఉన్నాయి. తెలుగు "క" స్థానం నుంచి 256 వెనక్కి వెళ్తే ఒడియా "క" ఉంటుంది. అందుకే మార్పిడి క్షణాల్లో అవుతుంది. కానీ వచ్చినదాన్ని అలాగే ప్రింటు తీసి పంచకండి. చూసుకోవలసినవి మూడున్నాయి.

ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లు లేవు. ఎ, ఏ రెండూ ఒకే అక్షరానికి పోతాయి, ఒ, ఓ కూడా అంతే. "కొడుకు" కాస్తా "కోడుకు" అవుతుంది. మార్పిడి సాధనం నాసిరకంది అయితే అసలు అక్షరమే లేని స్థానానికి పంపి ఆ చోట గడి చూపిస్తుంది. బండి ఱ కూ అదే గతి. రెండోది య. ఒడియాలో దానికి రెండు అక్షరాలున్నాయి, ఒకటి జ లా పలుకుతుంది, ఒకటి య లా. మొదటిది పడితే పిల్లలు "యేసు"ను "జేసు" అని చదువుతారు. వాళ్ల తప్పు లేదు, ఒడియా బైబిలులో ఆ పేరు జీశు అనే వినబడుతుంది. పాఠం మొత్తంలో య లను వెతికి రెండో అక్షరంతో మార్చేయండి, ఒక్క వేటుతో అవుతుంది. మూడోది అకారం. ఒడియా పిల్లలు "మనము"ను "మొనొము" అని పలుకుతారు. దీన్ని లిపిలో దిద్దలేం. వింటూ చదివితేనే దారిలో పడుతుంది, అంటే ఆడియో మళ్లీ కావాలి. మా సలహా: వారానికి నాలుగైదు వచనాలకు మించి ఇవ్వకండి, ఒక పక్క ఒడియా లిపి, పక్కనే అవే మాటలు తెలుగు లిపిలో. కొన్ని నెలలకు కళ్లు వాటంతట అవే తెలుగు వైపు జరుగుతాయి.

హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. లిపి మార్చి పంచిపెట్టడానికి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ వాడండి. దాని లైసెన్సు ఒప్పుకుంటుంది, మూలం పేరు చెప్పి, మార్చామని రాసి, అదే లైసెన్సు మీద పంచాలి. బైబిల్ సొసైటీ పాఠానికి వారి అనుమతి అడగాలి.

అపొస్తలుల కార్యములు 8లో 36 తర్వాత 38 వచ్చేస్తోంది. యాప్ వాళ్లు వచనం తీసేశారని మా కూటంలో పెద్ద గొడవ.
– పర్లాకిమిడి

యాప్ తీసేయలేదు. కొత్త నిబంధనకు వచన సంఖ్యలు పెట్టింది 1551లో, రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు. ఆయన చేతిలో ఉన్న గ్రీకు పాఠంలో ఆ 37 ఉంది. పాత ఇంగ్లీషు అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిలులో కూడా ఉంది. కానీ నాలుగో శతాబ్దపు గ్రీకు చేతిరాత ప్రతులైన సైనైటికస్, వాటికనస్‌లలో ఆ వచనం లేదు. వాటిని అనుసరించిన అనువాదాలు దాన్ని మూలంలో పెట్టకుండా అడుగున సూచికలో ఇస్తాయి, సంఖ్య మాత్రం ఖాళీగా వదిలేస్తాయి. లేకపోతే తర్వాతి వచనాల సంఖ్యలన్నీ మారిపోతాయి. మత్తయి 17:21, 18:11, మార్కు 9:44, 46, యోహాను 5:4 దగ్గర కూడా ఇలాగే ఎదురుకావచ్చు. యాప్‌లో అడుగు సూచికలు ఆపేసి ఉంటే అవి కనబడవు, వాటిని తెరిచి కూటంలో చూపించండి.

స్ట్రాంగ్స్ నంబర్లు తెలుగు బైబిలులో ఎందుకు రావడం లేదు?
– జయపురం

జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించిన పదసూచిక కింగ్ జేమ్స్ ఇంగ్లీషు పాఠానికి చేసింది. మూలభాషలోని ఒక్కో మాటకు ఒక్కో సంఖ్య ఇచ్చారు: హీబ్రూకు 1 నుంచి 8674, గ్రీకుకు 1 నుంచి 5624. తెలుగు పాఠంలో ఏ మాట ఏ సంఖ్యదో ఒక్కోటీ గుర్తు పెడితే తప్ప రావు. యాప్‌లలో సాధారణంగా దొరికే తెలుగు పాఠాలకు ఆ గుర్తులు లేవు.

రెండు కిటికీల పద్ధతే ఇక్కడా. ఒకదానిలో తెలుగు, రెండోదానిలో స్ట్రాంగ్స్ నంబర్లున్న కింగ్ జేమ్స్. స్ట్రాంగ్స్ హీబ్రూ, గ్రీకు నిఘంటువులు విడిగా దింపాలి. అవి లేకుండా నంబరు తాకితే ఏమీ తెరుచుకోదు. కీర్తన 136 తీసి అభ్యాసం చేయండి. 26 వచనాలకూ ఒకే పల్లవి, "కృప" అన్నచోట హీబ్రూ 2617. ఆ సంఖ్య తాకి, అది వచ్చే వచనాలన్నీ చూపమంటే కింగ్ జేమ్స్ వారు అదే మాటను వేర్వేరు చోట్ల ఎన్ని రకాలుగా అనువదించారో వరుసగా వస్తుంది. ఒక్కోదాన్నీ తెలుగు కిటికీలో చూస్తూ పోండి.

నిఘంటువులో ఇచ్చిన అర్థాల జాబితాలోంచి మనకు నచ్చింది ఏరుకుని ప్రసంగంలో పెట్టేయడం మాత్రం పద్ధతి కాదు. ఏ వచనంలో ఏ అర్థమో చెప్పేది ఆ వాక్యం, జాబితా కాదు. ఈ యాప్‌ల వల్ల ఎక్కువ జరుగుతున్న పొరపాటు ఇదే.

హీబ్రూ పాఠాన్నే పక్కన పెట్టుకునేవారికి ఒక మాట: చాలా కీర్తనల్లో పై శీర్షికను హీబ్రూవారు వచనంగా లెక్కిస్తారు. 51వ కీర్తనలో శీర్షికే రెండు వచనాలు, మన 1 వాళ్లకు 3. మలాకీ మనకు నాలుగు అధ్యాయాలు, వాళ్లకు మూడే.

కొత్త ట్యాబ్ కొన్నాక పాత నోట్సు, రంగు గుర్తులు అన్నీ పోయాయి.
– కాశీనగర్

పాత ట్యాబ్‌ను ఇంకా అమ్మలేదు కదా? అమ్మకపోతే ఆశ ఉంది. ఖాతాతో నడిచే యాప్ అయితే పాతదానిలో ఏ ఈమెయిలుతో లోపలికి వెళ్లారో చూసి, కొత్తదానిలో సరిగ్గా దానితోనే వెళ్లండి. చాలామందికి రెండు మూడు జీమెయిల్ ఖాతాలుంటాయి. వేరేదానితో వెళ్తే కొత్త ఖాతా తయారై ఖాళీగా కనిపిస్తుంది. ఖాతా లేని యాప్ అయితే, ఆండ్‌బైబిల్ అలాంటిదే, మెనూలోని బ్యాకప్ భాగంలో ఫైలు చేసి, కొత్తదానిలో అదే చోట నుంచి పునరుద్ధరించాలి. ఆ ఫైలును అదే ట్యాబ్‌లో ఉంచితే లాభం లేదు, మీకు మీరే మెయిలు చేసుకోండి. "యాప్ తీసేసి మళ్లీ వేస్తే సరిపోతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే, బ్యాకప్ అయ్యాకే వినండి. యాప్ తీసేస్తే దాని సొంత ఫోల్డరు కూడా పోతుంది.

ప్రార్థన మధ్యలో ప్రకటనలు, వాట్సాప్ మోతలు.
– కోరాపుట్

ఫ్లయిట్ మోడ్ వేస్తే రెండూ ఆగుతాయి. పాఠం ఎలాగూ ట్యాబ్‌లోనే ఉంటుంది. ముందే తెచ్చిపెట్టుకున్న ప్రకటన ఒకటి రెండు రావచ్చు. వీడియో ప్రకటనలు వేసే, ఫోన్ నంబర్ల జాబితా చూడటానికి అనుమతి అడిగే బైబిలు యాప్‌ను ఉంచుకోవద్దనే మేము చెబుతాం. వచనం చూపించడానికి మీ కాంటాక్టులతో దానికేం పని? పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు సెట్టింగ్స్ భద్రతా విభాగంలో యాప్ పిన్నింగ్ ఉంటుంది, వేస్తే ఆ యాప్ దాటి తేలిగ్గా బయటికి పోలేరు.

అక్షరాలు పెద్దవి చేస్తే ఒత్తులు కింది గీతలో కలిసిపోతున్నాయి. కరెంటు పోతే సాయంత్రం కూటం మొత్తానికి చార్జింగ్ చాలదు.
– ఛత్రపురం

అక్షరాల సైజు పెంచినప్పుడు వరుసల మధ్య దూరం కూడా పెంచాలి. ఇంగ్లీషుకు సరిపోయే దూరం తెలుగుకు చాలదు. పైన గుడి, కింద ఒత్తు, రెండింటికీ చోటు కావాలి. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు పెట్టి చూడండి. బల్ల మీద పెట్టి చదివేవారికి 10 అంగుళాల ట్యాబ్ మేలు, చేత్తో పట్టుకుని నడిచేవారికి 8.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 3.7 వోల్టుల వద్ద 37 వాట్ అవర్లు. నష్టాలు పోను 30 చేతికొస్తాయి. 7,000 ఎంఏహెచ్ ట్యాబ్‌కు దాదాపు ఒక నిండు చార్జి. తెర వెలుగు సగానికి తగ్గిస్తే అంత అవసరం కూడా రాదు. మే నెలలో పందిళ్ల కింద చార్జింగ్ పెట్టి వాడకండి, వేడెక్కితే ట్యాబ్ దానంతట అదే వెలుగు తగ్గించేస్తుంది, చార్జింగ్ కూడా ఆపేయవచ్చు.

ఏడాదిలో బైబిలు చదివే ప్లాను మొదలుపెట్టి మార్చికే ఆగిపోతున్నాం.
– గుణుపూర్ యువజన సంఘం

1,189 అధ్యాయాలను 365తో భాగిస్తే రోజుకు మూడుంపావు. నెట్ లేని రోజులు, పొలం పనులు కలిసొస్తే వెనకబడటం సహజం. కొత్త నిబంధనతో మొదలుపెట్టండి: 260 అధ్యాయాలు, సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకొకటి, 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. శని, ఆదివారాలు తప్పినవి చదువుకోవడానికి. కీర్తనలు కలిపితే 119ని ఒక రోజుకు పెట్టకండి. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలుగా రాసి ఉంది, అలాగే విడగొట్టండి. వెనకబడితే యూవెర్షన్‌లో తప్పిన రోజులను ముందుకు జరిపే సౌకర్యం ఉంది. ప్లాను రద్దు చేసి కొత్తది మొదలుపెట్టే ముందు అది వాడి చూడండి.